కడుపునొప్పి అని చెప్పాడు

స్తామెన్ ద్రగీయెవ్ పిల్లలకు కుస్తీ నేర్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. స్లివెన్ జిల్లాలో కొండల కిందున్న ఆ చిన్న ఊళ్లో, మూతపడ్డ ఉన్ని మిల్లు పక్కన ఒక పాత హాలుంది. చలికాలంలో లోపల మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తుంది. రెండు మ్యాట్లు, పైకప్పు నుంచి వేలాడే నాలుగు తాళ్లు, మూలన ఓ నీళ్ల పంపు. ఆయన రాజ్యమంతా అంతే. ఏడేళ్ల పిల్లలు అందులోకి వచ్చి మీసాలు మొలిచాక బయటికి వెళ్లేవారు.

పోటీకి ముందు పిల్లలు ఎలా ఉంటారో ఆయనకు కొట్టిన పిండి. కొందరికి అరచేతులు చల్లబడతాయి. కొందరు మాటిమాటికీ మరుగుదొడ్డికి పరిగెడతారు. కొందరు తిన్నదంతా కక్కేస్తారు. విజిల్ మోగితే అవన్నీ మాయమైపోతాయని ఆయన నమ్మకం. ఇన్నేళ్లలో ఆ నమ్మకం ఒక్కసారీ తప్పలేదు.

అందుకే ఆ మార్చి శనివారం పొద్దున ఏడింటికి, వంటగదిలో టీ కాస్తుండగా స్నానాల గదిలోంచి కొడుకు వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తే ఆయన కంగారుపడలేదు. పది గంటలకు తమ హాల్లోనే ప్రాంతీయ పోటీలు. కొడుకు అసెన్‌కు పదమూడేళ్లు. ఈ ఏడే పెద్ద పిల్లల వర్గంలోకి మారాడు.

అసెన్ గోడ పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు.

"ఏమైందిరా?"

"కడుపునొప్పి."

"ఎక్కడ?"

వాడు పొత్తికడుపు కింద చెయ్యి పెట్టబోయి పైకి జరిపాడు. "ఇక్కడే. కడుపంతా."

స్తామెన్ నవ్వాడు. "యాంబోల్ ఊరివాడితో తొలి కుస్తీ కదా! నీకు కాకపోతే ఇంకెవరికొస్తుందిరా కడుపునొప్పి? నీ వయసులో నేనూ ఇంతే. మా మాస్టారు నాకోసం బకెట్టు పక్కనే పెట్టుకుని కూర్చునేవాడు. ఈ టీ తాగు, ఇంకేం తినకు."

"నాన్నా, ఇవాళ..."

"ఆఁ, ఇవాళ?"

"ఏం లేదు."

ఆ తర్వాత చాలా రోజులపాటు స్తామెన్ చెవిలో ఆ 'ఇవాళ' అన్న మాటే మోగుతూ ఉండేది. ఆ క్షణంలో మాత్రం ఆయన గ్లాసులో తేనె కలుపుతున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. భార్య జ్లాతీన రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. తెల్లవారుజామునే వెళ్లిపోయింది.

హాలు జనంతో కిటకిటలాడుతోంది. అసెన్ కాళ్లు ఎడంగా వేస్తూ నడవడం స్తామెన్ చూశాడు. ఒళ్లు పట్టేసింది కాబోలు, నాలుగు చుట్లు పరిగెడితే వదులుతుందిలే అనుకున్నాడు. పరిగెత్తమన్నాడు. వాడు ఒక్క చుట్టు పరిగెత్తి గోడకు ఆనుకున్నాడు.

పదకొండింటికి కుస్తీ మొదలైంది. అర నిమిషం గడిచిందో లేదో, అవతలివాడు ఇంకా పట్టు కూడా పట్టకుండానే అసెన్ రెండు మోకాళ్ల మీద కూలబడ్డాడు. రిఫరీ ఆట ఆపాడు. హాలంతా వాడి వంకే చూస్తోంది. స్తామెన్‌కు ఒళ్లు మండింది.

"లేరా! వాడు నిన్ను ముట్టుకోనేలేదు, అప్పుడే పడుకున్నావా? ఇంత పిరికివాడివనుకోలేదు నిన్ను. లే!"

అసెన్ తలెత్తి తండ్రిని చూశాడు. లేచాడు. పళ్ల బిగువున చివరిదాకా ఆడి, ఓడిపోయాడు. అవతలివాడితో చెయ్యి కలిపి, తండ్రి ముందు నుంచే మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. కాస్త సిగ్గు తెలిస్తే మంచిదేలే అనుకున్నాడు స్తామెన్.

పన్నెండు కావస్తుండగా యాంబోల్ కోచ్ వచ్చి ఆయన భుజం తట్టాడు. "మీవాడు షవర్ల దగ్గర నేల మీద కూర్చున్నాడయ్యా. మావాళ్లు లేపబోతే వద్దంటున్నాడు. ఓడినందుకు ఏడుస్తున్నట్టు లేదు. వెళ్లి చూడు."

తడి టైల్స్ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు అసెన్. మొహం పాలిపోయింది. పై పెదవి మీద చెమట బొట్లు. తండ్రిని చూడగానే అన్నాడు, "నాన్నా, కడుపు కాదు."

"మరి?"

"కింద."

స్తామెన్ తలుపు గడియ పెట్టి వచ్చి చూశాడు. ఒక పక్క వాచి, కంది, పైకి లాక్కుపోయి ఉంది. వేలు తగిలీ తగలకముందే వాడు కెవ్వుమన్నాడు. మోకాలు తగిలి ఉంటుందనుకున్నాడు స్తామెన్. మ్యాట్ మీద అలాంటివి మామూలే. "ఐస్ తెస్తానుండు" అంటూ బయటికి పరిగెత్తి, ఐస్‌తో పాటు అంబులెన్సులోని వైద్య సహాయకురాలు మిగ్లేననూ వెంటబెట్టుకొచ్చాడు. పోటీల రోజు డ్యూటీ ఆవిడదే. ముప్పై ఏళ్లుంటాయి. మాట కరుకు.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"లేదు."

"వాంతి అయిందా?"

"పొద్దున."

"నొప్పి ఎప్పటినుంచి?"

అసెన్ తండ్రి వైపు ఓసారి చూసి, "ఏడింటి నుంచి" అన్నాడు.

మిగ్లేన లేచి నిలబడింది. "మాస్టారూ, ఆ ఐస్ అక్కడ పారేసి పిల్లాణ్ణి ఎత్తుకోండి. జిల్లా ఆసుపత్రికి పోవాలి, ఇప్పుడే."

"పోటీలు మధ్యలో..."

"పోటీలు ఎవరైనా చూసుకుంటారు. లోపలి తాడు మెలిపడినట్టుంది. రక్తం ఆడటం లేదు. ఆరు గంటల్లోపు విప్పితే బతుకుతుంది. దాటితే చెప్పలేం."

"ఏది బతుకుతుంది?" అన్నాడు స్తామెన్, వెర్రివాడిలా.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "బీజం, మాస్టారూ. ఇంకేది?"

అంబులెన్సులో కొడుకు తల ఒళ్లో పెట్టుకుని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఏడు నుంచి ఒంటిగంటకు ఆరు. నలభై నిమిషాల దారి. అందుకుంటాం. ప్రతి మలుపులోనూ అదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా అసెన్ ఆయన చొక్కా గుప్పిట పట్టి బిగించేవాడు. నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. బాధను దిగమింగే ఆ విద్య వాడికి నేర్పింది ఎవరో స్తామెన్‌కు వేరే చెప్పక్కర్లేదు.

ఆసుపత్రిలో పిల్లల సర్జన్ డాక్టర్ నెవెన కరజోవా. యాభై దాటిన పొట్టి మనిషి. కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంది. తింటున్న బనిత్స జున్ను రొట్టె ముక్కను కాగితంలో చుట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కుంటూనే, "మీరు కాసేపు బయట ఉండండి" అంది.

"నేను తండ్రిని."

"అందుకే ఉండమంటున్నాను."

నాలుగు నిమిషాల్లో తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"మెలిక పడింది, అనుమానం లేదు. ఆపరేషన్ గది సిద్ధం చేయిస్తున్నాను. నొప్పి నాలుగింటి నుంచి."

"ఏడింటి నుంచండీ."

"మీతో ఏడని చెప్పాడు. నాతో నాలుగన్నాడు." ఆవిడ గొంతులో కోపం లేదు. "వాళ్లమ్మ పనికి వెళ్తూ తలుపు వేసిన చప్పుడుకి మెలకువ వచ్చిందట. అప్పటికే నొప్పి. పిలుద్దామనుకున్నాడట, ఈలోపు ఆవిడ మెట్లు దిగిపోయింది. శరదృతువులో కూడా రెండుసార్లు ఇలాగే వచ్చి దానంతట అదే తగ్గిందట. ఈసారీ తగ్గుతుందని చూశాడు."

స్తామెన్ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిది దాటింది.

డాక్టరమ్మ అనుమతి కాగితం ముందు పెట్టింది. ఆయన చదివి ఆగిపోయాడు. "రెండు వైపులా అని రాశారేమిటి? నొప్పి ఒక వైపే కదా. బాగున్నదాని జోలికి ఎందుకు?"

"మామూలుగా అది లోపలి గోడకు అంటుకుని కదలకుండా ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే అలా అంటుకోదు. మోగే గంట లోపలి నాలుకలా వేలాడుతూ ఊగుతుంటుంది. ఊగేది ఎప్పుడో ఒకప్పుడు తిరుగుతుంది. నిద్రలో కూడా తిరుగుతుంది. దానికి మీ కుస్తీ ఏం చెయ్యనక్కర్లేదు. ఒక పక్క అలా ఉంటే రెండో పక్కా అలాగే ఉంటుంది. ఇవాళ దాన్ని కుట్లేసి నిలబెట్టకపోతే, ఇంకో రోజు మీరు మళ్లీ ఇదే కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు కాపాడటానికి ఇంకోటి ఉండదు."

"తీసేస్తారా?"

"విప్పి చూడాలి. వెచ్చటి సెలైన్ గుడ్డలో చుట్టి కాసేపు ఆగుతాను. రంగు తిరిగితే ఉంచుతాను. ఇంకేమైనా అడగాలంటే నడుస్తూ అడగండి."

ఆయన సంతకం పెట్టాడు.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక నర్సు అసెన్ మణికట్టు పట్టుకుంది. దానికి ఎరుపు తెలుపు దారాల మార్తెనిచ్క కట్టి ఉంది; మార్చి ఒకటిన కట్టుకుని, వసంతంలో తొలి కొంగ కనిపించాకే విప్పే తాడు.

"కొయ్యొద్దు" అన్నాడు వాడు గబుక్కున. "ఇంకా కొంగ కనిపించలేదు."

"నేనెక్కడ కోస్తానన్నాను కన్నా? నాదీ ఉంది చూడు." నర్సు చొక్కా చెయ్యి పైకి లాగి తన దారం చూపించి, వాడి దానిమీద గుడ్డ చుట్టి ప్లాస్టర్ వేసింది. "ఇక దేవుడొచ్చినా ఊడదు."

స్తామెన్ ఆ ప్లాస్టర్ వైపే చూస్తుండిపోయాడు. వాడు ఇప్పటికీ కొంగ కోసం ఆకాశం చూస్తున్నాడని ఆయనకు తెలియదు. వాడి బరువు ఎన్ని కిలోలో గ్రాములతో సహా చెప్పగలడు గానీ ఇది తెలియదు.

జ్లాతీన వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి. బట్టీ నుంచి నేరుగా వచ్చింది. తలగుడ్డ కింద జుట్టుకు పిండి అంటుకుని ఉంది. మిగ్లేన ఫోనులో అంతా చెప్పేసినట్టుంది. ఆవిడ వచ్చి స్తామెన్ ఎదురుగా నిలబడింది.

"పొద్దున వాంతి చేసుకున్నాడా?"

"చేసుకున్నాడు."

"మరి ఏమనుకున్నావు?"

"భయం అనుకున్నాను."

"నీకు అన్నీ భయాలే. జ్వరం వస్తే భయం, చెయ్యి విరిగితే భయం. పోయినేడు వేలు విరిగినప్పుడు రెండు రోజులు టేపు చుట్టుకుని తిరిగాడు పిల్లాడు, నీకు చెప్పడానికి నోరు రాక. గుర్తుందా?"

"ఉంది."

"నేను నిన్ను తప్పుపట్టడం లేదు."

"పడుతున్నావు."

"అవును, పడుతున్నాను." ఆవిడ పక్క కుర్చీలో కూలబడింది. వాడికి నాలుగింటికే మెలకువ వచ్చిన సంగతి స్తామెన్ చెబుతుంటే చేతుల మీది పిండి నలుపుకుంటూ వింది. తర్వాత చిన్నగా అంది, "తలుపు మెల్లగా వేశాను స్తామెన్. పోటీ రోజు కదా, వాడికి నిద్ర చెడుతుందని. ఒక్క నిమిషం ఆలస్యంగా బయల్దేరి ఉంటే..."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ లాక్కోలేదు.

గంట పట్టింది. డాక్టరమ్మ టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చింది. నిలబడి చెప్పకుండా వాళ్ల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే స్తామెన్‌కు సగం అర్థమైంది.

"ఒకటిన్నర చుట్లు తిరిగి ఉంది. విప్పాను. నల్లగా ఉంది. ఇరవై నిమిషాలు వెచ్చగా ఉంచి చూశాను, మధ్యలో రెండో పక్క కుట్లు పూర్తి చేసుకున్నాను. అయినా రంగు తిరగలేదు. చిన్న గాటు పెట్టి చూశాను, రక్తం రాలేదు. తీసేయాల్సి వచ్చింది. రెండోది చక్కగా ఉంది. మూడు చోట్ల కుట్టాను. ఇక అది ఎటూ తిరగదు."

జ్లాతీన అడిగింది, "రేపు వాడికి పిల్లలు..."

"పుడతారమ్మా. ఒకటి చాలు. గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది, అన్నీ వస్తాయి. పెద్దయ్యాక కావాలంటే రబ్బరులాంటిది ఒకటి పెట్టించుకోవచ్చు, చూడటానికి తేడా తెలియకుండా. అది వాడి ఇష్టం."

"వాడికి చెప్పకండి" అన్నాడు స్తామెన్. ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. "ఇప్పుడే వద్దు. పదమూడేళ్ల వాడు. తట్టుకోలేడు. ఆపరేషన్ అయిందని చెబుదాం చాలు. పద్దెనిమిది నిండాక నేనే కూర్చోబెట్టి చెబుతాను."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది. "మూడో రోజు కట్టు మారుస్తాం. వాడికి చేతులున్నాయి, కళ్లున్నాయి. పద్దెనిమిది దాకా ఆగడు. వాడంతట వాడు తెలుసుకున్న రోజున, అమ్మానాన్నలకు ముందే తెలుసని కూడా తెలుసుకుంటాడు. మీకు నోరు రాకపోతే నేను చెబుతాను. అది నా పనే, ఎన్నోసార్లు చేశాను. కానీ వాడు అడిగితే అబద్ధం మాత్రం ఆడను."

స్తామెన్ తల వంచుకుని అన్నాడు, "నేనే చెబుతాను. ఏ మాటల్లో చెప్పాలి?"

"ఉన్న మాటల్లోనే. మెలిపడింది, ఆలస్యమైంది, తీశాం, ఇంకోటి బాగుంది. మీరు దాచిపెడుతున్న గొంతుతో చెబితే వాడూ దాచుకోవడమే నేర్చుకుంటాడు."

ఆదివారం పొద్దున జ్లాతీన కావాలనే కాఫీ తెచ్చుకుంటానని బయటికి వెళ్లింది. అసెన్ దిండుకు ఆనుకుని ఆప్రికాట్లు ఉడికించిన తియ్యటి కాంపోట్ రసాన్ని చెంచాతో తాగుతున్నాడు. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఎవరో చిన్నపిల్లాడు. స్తామెన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అసెన్, నిన్న లోపల... బీజం మెలిపడింది. రక్తం అందక చచ్చిపోయింది. డాక్టరమ్మ విప్పి చూసింది, ఎంతో సేపు ఆగింది. బతకలేదు. తీసేశారు. రెండోది బాగుంది. దాన్ని కదలకుండా కుట్టారు. ఒకటి ఉంటే అన్నింటికీ సరిపోతుందట. నువ్వు మామూలుగానే పెద్దవాడివవుతావు."

అసెన్ చెంచా గ్లాసులో పెట్టాడు.

"నేను నాలుగింటికే చెప్పి ఉంటే?"

ఈ ప్రశ్న వస్తుందని స్తామెన్‌కు తెలుసు. రాత్రంతా దానికి ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు కూడా. తీరా వాడి మొహం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"బతికేదేమో. ఏడింటికి నేను సరిగ్గా అడిగి ఉన్నా బతికేదేమో. మ్యాట్ మీద నువ్వు కూర్చున్నప్పుడు అరవకుండా నీ దగ్గరికి వచ్చి ఉన్నా, ఏమో. నువ్వు చెప్పలేదంటే, చెప్పినా నాన్న వినడని నీకు తెలుసు కాబట్టి. అది నువ్వు చేసిన తప్పు కాదు. నాది."

"వింటావో లేదో తెలియలేదు" అన్నాడు అసెన్ నిదానంగా, తూచి చెబుతున్నట్టుగా. తర్వాత, "నాన్నా, ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావు. ఆపు. ఆ పిల్లాడు చూస్తున్నాడు."

స్తామెన్ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. అసెన్ మళ్లీ గ్లాసు అందుకుని, తండ్రి వైపు చూడకుండా అన్నాడు, "క్లబ్బులో ఎవరికీ చెప్పకు. అపెండిక్స్ అని చెప్పు."

"సరే."

మాట నిలబెట్టుకున్నాడాయన. అడిగిన వాళ్లందరికీ అపెండిక్స్ అనే చెప్పాడు. పిల్లలు అసెన్‌కు కార్డు మీద సంతకాలు చేసి పంపారు. మిగ్లేన ఊళ్లో ఎదురైతే కుశలమడిగి వెళ్లిపోయేది, పెదవి విప్పలేదు. ఇంట్లో అసెన్ కొన్నాళ్లు స్నానాల గది తలుపుకు గడియతోపాటు కుర్చీ కూడా అడ్డం పెట్టుకునేవాడు. ఒకరోజు కుర్చీ తీసేశాడు. జ్లాతీన అది గమనించి భర్తకు కళ్లతోనే చూపించింది.

హాల్లో మాత్రం స్తామెన్ మనిషి మారిపోయాడు. ఎవరైనా దగ్గినా, కాస్త వంగినా తల తిప్పి చూసేవాడు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గ్రోజ్‌దాన్ అనే తొమ్మిదేళ్ల వాడు పొట్ట పట్టుకుని మ్యాట్ చివర కూర్చున్నాడు. స్తామెన్ విజిల్ ఊది మొత్తం ఆపేశాడు. వాణ్ణి ఎత్తుకుని గదిలోకి తీసుకుపోయి, తలుపేసి, మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు.

"ఎక్కడ నొప్పి? నిజం చెప్పు. పొట్టలోనా, కిందా? సిగ్గుపడకు. ఎప్పటినుంచి?"

గ్రోజ్‌దాన్ బిత్తరపోయాడు. "మాస్టారూ... మేకిత్సలు ఆరు తిన్నాను. జామ్‌తో."

వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన వాళ్లమ్మ అది విని పడీపడీ నవ్వింది. స్తామెన్ కూడా నవ్వాడు. కానీ ఇంటికి నడుస్తుంటే నవ్వు నిలవలేదు. నూనెలో వేయించిన పిండివంట కాకుండా నిజంగా అదే అయితే ఆ పసివాడు చెప్పేవాడా? చెప్పడు. ఇరవై రెండు మంది పిల్లలున్నారు హాల్లో. పెదవి బిగించి ఊరుకోవడం ఆ ఇరవై రెండు మందికీ తనే నేర్పాడు. తను ఒక్కొక్కణ్ణీ కనిపెట్టుకుని ఎంతకాలం కూర్చోగలడు?

ఆ వారం చివర అసెన్‌ను చెకప్‌కు తీసుకెళ్లాడు. గాయం మానింది, నెలాఖరు నుంచి మ్యాట్ ఎక్కొచ్చు, కింద దెబ్బ తగలకుండా గార్డు మాత్రం పెట్టుకోవాలంది డాక్టరమ్మ. తిరిగి వస్తూ కారులో స్తామెన్ అడిగాడు.

"ఒకటి అడగనా? వద్దంటే ఇక ఎత్తను. మన పిల్లలకు దీని గురించి చెప్పాలనుంది. ఎవరికి జరిగిందో చెప్పను."

"నీకు ఎంతమంది కొడుకులు నాన్నా?"

"ఒక్కడివే."

"అపెండిక్స్ అని చెప్పి నెల తిరక్కుండా నువ్వు ఇది మాట్లాడితే ఎవరికి జరిగిందో వాళ్లకు తెలియదా?"

"తెలుస్తుంది. అయితే వద్దులే."

అసెన్ కిటికీ వైపు తిరిగాడు. ద్రాక్ష తోటలు వెనక్కి పోతున్నాయి. తీగలకు ఇంకా ఆకులు సరిగా రాలేదు. స్తామెన్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు కాదు, మర్నాడు కాదు. నాలుగో రోజు పొద్దున అసెన్ బూట్ల లేసులు కట్టుకుంటూ తల వంచుకునే అన్నాడు, "చెప్పు. నేను మొదటిరోజు వచ్చినప్పుడు చెప్పు. నేను లేనప్పుడు చెబితే వెనక గుసగుసలాడతారు. నేనుంటే ఎదురుగానే నవ్వుతారు. అది నయం."

"సరే."

"ఇంకోటి. ఏడవకూడదు."

ఏప్రిల్ ముప్పైన పిల్లలందరినీ మ్యాట్ మీద గుండ్రంగా కూర్చోబెట్టాడు స్తామెన్. తలుపు దగ్గర కొందరు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. అసెన్ తాళ్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇవాళ పట్టు నేర్పడానికి ముందు ఒక సంగతి చెప్పాలి. బీజాల గురించి."

ఒక్కసారిగా కిసుక్కుమన్నారు అందరూ. ఒకడు పక్కవాడి వీపు మీద పడి నవ్వాడు. పూర్వమైతే స్తామెన్ ఒక్క చూపుతో నోళ్లు మూయించేవాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నవ్వండి. నవ్వడం అయిపోయాక చెబుతాను. నాకు తొందర లేదు."

నవ్వులు తగ్గాయి. ఆయన చెప్పాడు. తాడు గురించి, మెలిక గురించి, గంటల గురించి. ఆట ఆడినా ఆడకపోయినా, నిద్రలో ఉన్నా ఎవరికైనా రావచ్చని. కొందరికి ముందు పొట్టలోనే నొప్పి తెలుస్తుందని, వాంతి కూడా అవుతుందని. వచ్చిన వెంటనే చెబితే డాక్టర్లు విప్పి, కుట్టి, మామూలు చేసేస్తారని.

"మా అసెన్‌కు జరిగింది అపెండిక్స్ కాదు. ఇది. నేను మీతో అబద్ధం చెప్పాను. వాడికి వాంతి అయితే భయం అన్నాను. మ్యాట్ మీద కూర్చుంటే పిరికివాడా అని అరిచాను. మీలో సగం మంది విన్నారు ఆ అరుపు. వాడికి ఒకటి పోయింది. వాడు నొప్పి ఓర్చుకున్నందుకు కాదు. నేను వినే మనిషిని కానందుకు." గోడ దగ్గరున్న కొడుకు వైపు చూడకుండా కొనసాగించాడు. "ఇక మీదట ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చినా నాకు చెప్పండి. ఆట మధ్యలో అయినా సరే, ఫైనల్లో అయినా సరే. నాకు చెప్పడానికి సిగ్గయితే మీ అమ్మకు చెప్పండి. మిగ్లేన అక్కకు చెప్పండి. ఎవరో ఒకరికి చెప్పండి."

తలుపు దగ్గర ఒక తండ్రి "పిల్లల ముందు ఇవేం మాటలయ్యా" అని గొణుక్కుంటూ బయటికి నడిచాడు. స్తామెన్ ఆపలేదు. మ్యాట్ మీద ఎవరూ నవ్వడం లేదు. అందరూ అసెన్ వంక చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు.

గ్రోజ్‌దాన్ చెయ్యెత్తాడు. "మాస్టారూ, మరి అది నిజంగా భయమో, ఈ నొప్పో ఎలా తెలుస్తుంది?"

ఇన్నేళ్లూ ఆ తేడా తనకు తెలుసనుకున్నాడు స్తామెన్.

"భయమేస్తే ఇంటికి పారిపోవాలనిపిస్తుంది" అన్నాడు అసెన్ గోడ దగ్గర నుంచి. అందరూ తిరిగారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి గానీ తల దించుకోలేదు. "ఇదైతే అడుగు కూడా వేయాలనిపించదు. తేడా తెలుస్తుంది. తెలియకపోయినా పర్లేదు, చెప్పెయ్."

"ఇప్పుడు నొప్పిగా ఉందా?"

"లేదు. కుట్ల దగ్గర కాస్త దురద, అంతే."

గ్రోజ్‌దాన్ చెయ్యి దించాడు. పెద్ద పిల్లల్లో ఒకడు, ప్లామెన్, లేచి మోకాళ్లు దులుపుకుని అసెన్ దగ్గరికి నడిచాడు.

"నాకు ఇవాళ జోడీ లేడు. వస్తావా?"

"మాస్టారు మెల్లగా ఆడమన్నారు."

"మెల్లగానే ఆడదాం. నువ్వు ఎలాగూ నన్ను పడగొట్టలేవు."

"చూద్దాం" అని అసెన్ చెయ్యి చాచాడు. ప్లామెన్ వాణ్ణి లాగి లేపాడు.

స్తామెన్ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి నిలబడ్డాడు. ఆయన కోసం ఎవరూ ఆగలేదు. పిల్లలు ఇద్దరిద్దరుగా విడిపోయి, నడుములు వంచి, అప్పటికే ఒకరి చుట్టూ ఒకరు తిరగడం మొదలుపెట్టారు.